చెల్లెలికి నా పారాథైరాయిడ్ గ్రంథి ఇవ్వవచ్చునా?

బ్రాడీపేట అన్నయ్య, గుంటూరు:

అందరికీ నమస్కారం. మా చెల్లెలికి 34 ఏళ్లు. ఐదు నెలల క్రితం విజయవాడలోని ఒక ఆసుపత్రిలో ఆమెకు థైరాయిడ్ గ్రంథిని పూర్తిగా తీసివేశారు. గ్రంథిలో కాన్సర్ గడ్డ ఉండడంతో, దాని పక్కనున్న లింఫు గడ్డలను కూడా తీయవలసి వచ్చింది. కాన్సర్ వరకు అంతా సవ్యంగానే జరిగింది. అయితే రెండవ రోజు సాయంత్రానికి ఆమెకు పెదవుల చుట్టూ చీమలు పాకుతున్నట్టు, వేళ్ల చివరలు మొద్దుబారినట్టు అనిపించడం మొదలైంది. నర్సు వచ్చి బీపీ చూడడానికి దండచేతికి పట్టీ కట్టి, గాలి నింపి కొంతసేపు అలాగే ఉంచేసరికి, నా కళ్లెదుటే చెల్లెలి మణికట్టు లోపలికి వంగిపోయింది. నాలుగు వేళ్లూ నిటారుగా బిగుసుకుని ఒకదానికొకటి అంటుకుపోయాయి, బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుపోయింది. తెరవమంటే తెరవలేకపోయింది. కాల్షియం 6.8 మిల్లీగ్రాములకు పడిపోయిందని చెప్పి అప్పటికప్పుడు నరానికి ఎక్కించారు.

అప్పటినుంచి మూడు పూటలా కాల్షియం మాత్రలు, రెండు పూటలా కాల్సిట్రయాల్ అనే విటమిన్ డి మందు వాడుతోంది. ఒక పూట ఆలస్యమైతే చేతులు లాగుతాయి. పొయ్యి మీది అన్నం గిన్నె దించడానికి కూడా, సగంలో వేళ్లు బిగుసుకుపోతాయేమోనని భయపడి అమ్మను పిలుస్తోంది. థైరాయిడ్ పక్కనే ఉండి రక్తంలోని కాల్షియాన్ని అదుపు చేసే పారాథైరాయిడ్ గ్రంథులు దెబ్బతిన్నాయని మాత్రం మాకు చెప్పారు, అంతకు మించి వివరం ఎవరూ చెప్పలేదు.

మనిషికి ఇటువంటి గ్రంథులు నాలుగు ఉంటాయని, ఒకటి రెండు ఉన్నా సరిపోతాయని చదివాను. మా ఇద్దరి బ్లడ్ గ్రూపు ఒకటే. అన్నదమ్ములు కిడ్నీలే ఇచ్చుకుంటున్నప్పుడు, కందిబద్దంత గ్రంథిని నేను నా చెల్లెలికి ఇవ్వలేనా? మా నాన్నగారికి నూజివీడు దగ్గర మామిడి తోట ఉంది. టెంకతో మొలిచిన నాటు మొక్కకు వేరే చెట్టు కొమ్మను అంటు కడితే చక్కగా పట్టుకుంటుంది కదా, మనిషి శరీరం ఎందుకు పట్టుకోదు? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

బెజవాడ సర్జన్:

నమస్కారమండీ. నేను థైరాయిడ్, పారాథైరాయిడ్ శస్త్రచికిత్సలు చేసే వైద్యుడిని. మీ ప్రశ్నలో రెండు వేర్వేరు చికిత్సలు కలిసిపోయాయి. మనిషి గ్రంథిని ఆ మనిషి శరీరంలోనే మరొక చోట నాటడం మాకు ఆపరేషన్ థియేటర్‌లో మామూలుగా జరిగే పని. ఒకరి గ్రంథిని మరొకరికి నాటడం మాత్రం ప్రపంచంలో ఇప్పటికీ అరుదైన ప్రయత్నం.

మీరన్నట్టే పారాథైరాయిడ్ గ్రంథి కందిబద్దంతే ఉంటుంది, బరువు 30 నుంచి 50 మిల్లీగ్రాములు. థైరాయిడ్‌కు రక్తాన్ని తెచ్చే ధమని కొమ్మలే ఎక్కువగా వీటికీ ఆధారం. అందువల్ల థైరాయిడ్‌ను తీసేటప్పుడు, ముఖ్యంగా మెడ మధ్యలోని లింఫు గడ్డలను తీసేటప్పుడు, ఎంత జాగ్రత్తపడినా కింది వైపు గ్రంథులకు రక్తం అందకుండా పోయే ప్రమాదం ఉంది. రక్తం ఆగిన గ్రంథి మా చేతి కిందే నల్లబడుతుంది. అప్పుడు దాన్ని బయటకు తీసి, చిన్న ముక్కను పరీక్షకు పంపి అది పారాథైరాయిడేనని, అందులో కాన్సర్ లేదని తేల్చుకుంటాము. మిగిలిన భాగాన్ని చల్లటి సెలైన్ గిన్నెలో వేస్తాము. పక్కనున్న కొవ్వు ముక్క కూడా చూపుకు ఇంచుమించు ఇలాగే ఉంటుంది, కానీ కొవ్వు సెలైన్‌లో తేలుతుంది, గ్రంథి మునుగుతుంది. మా గురువుగారి చేతిలో ఆ మునిగే ముక్కను మొదటిసారి చూసిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ తర్వాత దాన్ని బ్లేడుతో ఒక మిల్లీమీటరు ముక్కలుగా తరిగి, మెడ పక్క కండరంలో చిన్న చిన్న జేబుల వంటివి చేసి, వాటిలో ఉంచి, రేపు గుర్తుపట్టడానికి వీలుగా నల్ల దారంతో కుట్టు వేస్తాము. నాలుగు గ్రంథులనూ తీయవలసి వచ్చిన రోగులకు, ఉదాహరణకు డయాలసిస్ మీద ఏళ్ల తరబడి ఉండి గ్రంథులు అతిగా పెరిగినవారికి, మెడకు బదులు ముంజేతి కండరంలో నాటుతారు. అమెరికా సర్జన్ శామ్యూల్ వెల్స్ 1970లలో ఈ పద్ధతిని స్థిరపరిచారు. ఇక్కడ ఏ రక్తనాళాన్నీ కలిపి కుట్టము. మొదటి రోజుల్లో ఆ ముక్కలు చుట్టూ ఊరే ద్రవంతోనే బతుకుతాయి. రెండు మూడు వారాలలో కండరం నుంచి సన్నని రక్తనాళాలు వాటిలోకి మొలుస్తాయి. హార్మోను చాలినంత రావడానికి కొన్ని వారాల నుంచి కొన్ని నెలలు పడుతుంది. సొంత కణజాలమే కాబట్టి తిరస్కరణ అనే మాటే ఉండదు, దాని కోసం ఏ మందూ అవసరం లేదు.

మీ గ్రంథిని ఆమెకు నాటే విషయంలో చట్టపరంగా మీరు దగ్గరి బంధువే. 1994 నాటి అవయవ మార్పిడి చట్టంలో తోబుట్టువులు ఆ జాబితాలో ఉన్నారు. అయినా నా దగ్గరకు వస్తే నేను వద్దనే చెబుతాను. ఆమె శరీరం దాన్ని తిరస్కరించకుండా ఉండాలంటే జీవితాంతం బలమైన మందులు వాడాలి, ఆ మందుల ప్రమాదం ఇప్పుడు ఆమె పడుతున్న ఇబ్బందికంటే పెద్దది. పైగా ఆమెకు కాన్సర్ చరిత్ర ఉంది. అటువంటి వ్యక్తిలో నిరోధక శక్తిని కావాలని అణచివేయడం మంచిది కాదు. ఇప్పటికే కిడ్నీ మార్పిడి అయి ఆ మందులు ఎలాగూ వాడుతున్నవారి విషయంలో మాత్రం లెక్క మారుతుంది, అటువంటివారికి పారాథైరాయిడ్‌ను కూడా నాటిన సందర్భాలు ఉన్నాయి.

ఇప్పుడు చేయవలసిన పనులు చెబుతాను. ఆసుపత్రికి వెళ్లి ఆపరేషన్ నోట్సు ప్రతిని అడగండి, డిశ్చార్జి కాగితం చాలదు. అందులో ఎన్ని పారాథైరాయిడ్‌లు కనిపించాయి, ఎన్ని వాటి చోటనే ఉన్నాయి, ఏదైనా కండరంలో నాటారా అనేది రాసి ఉంటుంది. పీటీహెచ్, అంటే పారాథైరాయిడ్ హార్మోను పరీక్ష ఎప్పుడెప్పుడు చేశారో చూడండి. ఆరు నెలలు దాటేవరకు, కొందరి లెక్కలో ఏడాది దాటేవరకు, ఈ లోపాన్ని శాశ్వతమని అనము. థైరాయిడ్ హార్మోనుకు బదులుగా వాడే థైరాక్సిన్ మాత్రకూ కాల్షియం మాత్రకూ నడుమ కనీసం నాలుగు గంటలు ఉండాలి, లేకపోతే థైరాక్సిన్ ఒంటికి పట్టదు. కాల్షియం కార్బొనేట్ అయితే భోజనంతో పాటు వేసుకోవాలి. మెగ్నీషియం తక్కువగా ఉన్నదేమో చూపించండి, అది తక్కువైతే ఎంత కాల్షియం ఇచ్చినా నిలవదు.

మైక్రోబయాలజీ మేడమ్, విజయవాడ:

సర్జన్ గారు చేతి పని చెప్పారు కాబట్టి, మామిడి అంటు ప్రశ్నకు నేను జవాబు రాస్తాను. నేను వైద్య విద్యార్థులకు రోగనిరోధక శాస్త్రం బోధిస్తాను, ఈ ప్రశ్నను ఏటా ఎవరో ఒకరు అడుగుతారు.

మామిడి చెట్టులో ఊరంతా తిరిగే కాపలాదారులు లేరు. మన రక్తంలో, లింఫులో లింఫోసైట్లు అనే తెల్లకణాలు నిరంతరం తిరుగుతూ, ఎదురైన ప్రతి కణం ఉపరితలాన్ని తడిమి చూస్తాయి. దాదాపు ప్రతి కణం మీదా హెచ్‌ఎల్‌ఏ అనే ప్రోటీన్లు ఉంటాయి. అవి మనిషి మనిషికీ వేరు. బ్లడ్ గ్రూపు కలవడం తొలి మెట్టు మాత్రమే. హెచ్‌ఎల్‌ఏ జన్యువులు తల్లి నుంచి ఒక కట్టగా, తండ్రి నుంచి ఒక కట్టగా వస్తాయి కాబట్టి, తోబుట్టువులిద్దరిలో అవి పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి, సగం కలిసే అవకాశం నాలుగింట రెండు, అసలు కలవకపోయే అవకాశం నాలుగింట ఒకటి. పూర్తిగా కలిసినా చిన్నచిన్న ప్రోటీన్ల తేడాలు మిగిలే ఉంటాయి. ఏ మందూ లేకుండా నిలిచేది ఒకే అండం నుంచి పుట్టిన కవలల మధ్యనే. 1954లో బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే చేసిన తొలి విజయవంతమైన కిడ్నీ మార్పిడి అటువంటి కవలల మధ్యనే జరిగింది.

పరాయి కణాన్ని గుర్తించిన టి లింఫోసైటు ఇంటర్‌ల్యూకిన్-2 అనే సంకేతాన్ని విడుదల చేసి తనలాంటి కణాలను వేలకు వేలుగా పెంచుకుంటుంది. వాటిలో కొన్ని నేరుగా కణాన్ని చంపుతాయి, కొన్ని యాంటీబాడీలను తయారు చేయిస్తాయి. తిరస్కరణను ఆపే మందులు ఈ గొలుసును ఎక్కడో ఒక చోట తెంచుతాయి. టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ ఆ సంకేతం పుట్టకుండా ఆపుతాయి. సిరోలిమస్ సంకేతం అందినా కణం పెరగకుండా ఆపుతుంది. ఈ మూడు మందులూ మట్టిలోని సూక్ష్మజీవుల నుంచి వచ్చాయని చెప్పినప్పుడు పిల్లలు ఎప్పుడూ ఆశ్చర్యపోతారు. సైక్లోస్పోరిన్ నార్వే పీఠభూమి మట్టిలోని బూజు నుంచి, టాక్రోలిమస్ జపాన్‌లోని త్సుకుబా మట్టిలోని బాక్టీరియా నుంచి, సిరోలిమస్ ఈస్టర్ ద్వీపం మట్టి నుంచి వచ్చాయి.

ఇక అసలు ఏ గ్రంథిని మార్చడం సబబు అనే విషయం నాకు ఇంకా ముఖ్యంగా తోస్తుంది. 1883లో స్విట్జర్లాండ్ సర్జన్ థియొడోర్ కోఖర్, థైరాయిడ్ మొత్తం తీసిన రోగులు క్రమంగా మందగించిపోవడం గమనించి, ఒక రోగికి వేరేవారి థైరాయిడ్ ముక్కలను నాటారు. అటువంటి అంటులు నిలవలేదు. 1891లో ఇంగ్లండులో జార్జి ముర్రే గొర్రె థైరాయిడ్ సారాన్ని ఇంజెక్షనుగా ఇచ్చి రోగిని నిలబెట్టిన తర్వాత థైరాయిడ్ మార్పిడి అవసరమే తగ్గిపోయింది. థైరాక్సిన్ రక్తంలో సగం తగ్గడానికి దాదాపు వారం పడుతుంది కాబట్టి పొద్దున్నే ఒక మాత్ర వేసుకుంటే గ్రంథి ఉన్నట్టే. పారాథైరాయిడ్ హార్మోను అలా కాదు, నాలుగైదు నిమిషాలలో సగం కరిగిపోతుంది. కాల్షియం కొంచెం తగ్గగానే పుట్టి, సరిపోగానే ఆగాలి. ఇన్సులిన్ కూడా అంతే. నిమిష నిమిషానికీ కొలిచి పోసే పనిని ఏ మాత్రా పూర్తిగా చేయలేదు. అందుకే పరిశోధకులు ఈ రెండు గ్రంథుల మార్పిడి మీద ఇంతగా దృష్టి పెట్టారు. మీ చెల్లెలు పూట తప్పితే చేతులు లాగి బాధపడడానికి కారణం కూడా ఇదే, అది ఆమె అజాగ్రత్త కాదు.

మంగళగిరి కిడ్నీ:

నాకు ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్ ద్వారా, బ్రెయిన్ డెడ్ అయిన ఒక వ్యక్తి కిడ్నీ దొరికి ఏడేళ్లయింది. ఆ కుటుంబానికి నేను రోజూ దణ్ణం పెట్టుకుంటాను. అయినా ఆ మందుల సంగతి అన్నయ్య గారికి తెలియాలి. టాక్రోలిమస్ పొద్దున తొమ్మిదికి, రాత్రి తొమ్మిదికి తప్పనిసరి. పెళ్లి పందిట్లో ఉన్నా, రైల్లో ఉన్నా తొమ్మిది కాగానే ఫోను మోగుతుంది. రక్త పరీక్ష రోజున మాత్ర వేసుకోకముందే నమూనా ఇవ్వాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. మొదటి సంవత్సరం టీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణికి సాసరులోకి ఒలికేది. రెండవ ఏట నాకు షుగర్ వచ్చింది, అది ఈ మందుల వల్లేనని డాక్టరుగారు చెప్పారు. మా ఇంటి వెనక పంపరపనస చెట్టు ఉంది, దాని కాయ మాత్రం నేను ముట్టకూడదు, తింటే మందు రక్తంలో పెరిగిపోతుంది. కిడ్నీ లేకపోతే నేను లేను కాబట్టి ఇవన్నీ నాకు సమ్మతమే. మాత్రలతో నెట్టుకురాగల మనిషికి ఇవన్నీ తెచ్చిపెట్టడం నాకు మాత్రం మనసొప్పడం లేదు.

పటమట అమ్మ:

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. మా అమ్మాయికి తొమ్మిదో ఏట టైప్ 1 మధుమేహం వచ్చింది, ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. రాత్రి రెండు గంటలకు లేచి దాని వేలు గుచ్చి చూడడం నాకు అలవాటైపోయింది. మేడమ్ గారు ఇన్సులిన్ గ్రంథి మార్పిడి గురించి ప్రస్తావించారు. మందులు లేకుండా అది సాధ్యమయ్యే రోజు దగ్గరలో ఉందా?

మైక్రోబయాలజీ మేడమ్, విజయవాడ:

అమ్మా, తెలిసినంత వరకు దాచకుండా రాస్తాను.

క్లోమం మొత్తంలో ఇన్సులిన్‌ను తయారుచేసే లాంగర్‌హాన్స్ పుటికలు అనే కణాల గుంపుల వంతు ఒకటి రెండు శాతమే. 2000 సంవత్సరంలో కెనడాలోని ఎడ్మంటన్‌లో జేమ్స్ షపీరో బృందం, మరణించిన దాతల క్లోమం నుంచి పుటికలను వేరు చేసి, కాలేయానికి వెళ్లే సిరలోకి సూదితో పంపి, ఏడుగురు రోగులను ఇన్సులిన్ ఇంజెక్షన్ల నుంచి విడిపించింది. స్టెరాయిడ్లు పుటికలలో ఇన్సులిన్‌ను తయారుచేసే బీటా కణాలకు చేటు కాబట్టి వాటిని పూర్తిగా మానేయడం వారి కొత్త పద్ధతిలో కీలకం. అయితే ఐదేళ్లకు చూస్తే, పుటికలు కొంత పనిచేస్తున్నవారు చాలామంది ఉన్నా, పూర్తిగా ఇన్సులిన్ లేకుండా ఉన్నవారు దాదాపు పది శాతమే మిగిలారు. టైప్ 1లో శత్రువులు ఇద్దరు. పరాయి కణాలను చంపే తిరస్కరణ ఒకటి, మొదట్లో సొంత బీటా కణాలను చంపిన అదే దాడి మళ్లీ రావడం రెండవది. మన మంగళగిరి మిత్రునికి షుగర్ తెచ్చిన టాక్రోలిమస్, నాటిన బీటా కణాల మీద కూడా చెడు ప్రభావం చూపుతుంది.

ఇప్పుడు మూలకణాల నుంచి పుటికలను ప్రయోగశాలలో పెంచుతున్నారు. 2025లో ప్రచురితమైన ఫలితాలలో, పూర్తి మోతాదు అందుకున్న 12 మందిలో 10 మంది ఏడాది తర్వాత ఇన్సులిన్ లేకుండా ఉన్నారు. వీరందరూ తిరస్కరణ నిరోధక మందులు వాడినవారే. అదే పరీక్షలో పాల్గొన్న ఒకరు ఫంగస్ వల్ల వచ్చిన మెదడు పొరల వాపుతో మరణించారు, నిరోధక శక్తి అణగినప్పుడు వచ్చే జబ్బులలో అది ఒకటి.

మందులు లేని దారి గురించి అడిగారు. సముద్రపు నాచు నుంచి తీసిన ఆల్జినేట్ జిగురుతో పుటికలకు గుళికలాగా తొడుగు వేసి ఎలుకలలో నాటడం 1980లోనే జరిగింది. తొడుగులోని సన్నని రంధ్రాల గుండా చక్కెర, ఇన్సులిన్ వెళ్తాయి, తెల్లకణాలు వెళ్లలేవు. మనుషులలో ఆ తొడుగు చుట్టూ మచ్చ కణజాలం పేరుకుని, ఆక్సిజన్ అందక లోపలి కణాలు చనిపోవడం పెద్ద అడ్డంకి అయింది. ఇటీవలి దారి జన్యువుల సవరణ. స్వీడన్‌లోని ఉప్సలాలో దాత పుటికలలో క్రిస్పర్ పద్ధతితో హెచ్‌ఎల్‌ఏ కనిపించకుండా చేశారు. అయితే హెచ్‌ఎల్‌ఏ లేని కణాన్ని చూస్తే సహజ హంతక కణాలు అనే మరో రకం తెల్లకణాలు అనుమానించి చంపుతాయి. వాటిని ఆపడానికి 'నన్ను తినవద్దు' అని చెప్పే సీడీ47 ప్రోటీన్‌ను ఎక్కువగా తయారయ్యేలా చేశారు. ఏ నిరోధక మందూ లేకుండా ఒక రోగి ముంజేతి కండరంలో వాటిని నాటితే, 12 వారాల తర్వాత కూడా అవి ఇన్సులిన్‌ను తయారుచేస్తూనే ఉన్నాయని 2025లో ప్రచురించారు. అది ఒక్క మనిషి, చిన్న మోతాదు, అతను ఇన్సులిన్ ఇంజెక్షన్లు మానలేదు. అయినా ఆ వ్యాసం చదివిన రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. మీ అమ్మాయికి ఇప్పటికిప్పుడు అందేది కాదు, కానీ ఆమె వయసున్నవారి జీవితకాలంలో అందవచ్చునని నేను నమ్ముతున్నాను. అంతవరకు ఆమె కళ్లు, కిడ్నీలు చెడకుండా కాపాడుకోవడమే ఆ చికిత్సకు ఆమెను సిద్ధంగా ఉంచడం.

బ్రాడీపేట అన్నయ్య, గుంటూరు:

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. సర్జన్ గారు చెప్పినట్టు ఆసుపత్రికి వెళ్లి, రెండు రోజులు తిరిగి, ఆపరేషన్ నోట్సు తెచ్చుకున్నాను. పై గ్రంథులు రెండూ కనిపించాయని, వాటి చోటనే ఉంచామని, ఎడమ కింది గ్రంథికి రక్తం అందకపోవడంతో ముక్కలు చేసి ఎడమ మెడ కండరంలో నాటామని, కుడి కింది గ్రంథి కనిపించలేదని రాసి ఉంది. ఈ మాట ఐదు నెలలుగా మాకు ఎవరూ చెప్పలేదు. చెల్లెలు ఆ కాగితం చదివి, మెడ మీది కుట్టు మచ్చ పక్కన వేలితో తడుముకుంటూ చాలాసేపు కూర్చుంది. పీటీహెచ్ రెండవ రోజున 3 కంటే తక్కువ, పోయిన వారం చేయిస్తే 9 వచ్చింది. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

బెజవాడ సర్జన్:

చాలా మంచి వార్త అండీ. మామూలు మనిషిలో పీటీహెచ్ 15 నుంచి 65 పికోగ్రాముల మధ్య ఉంటుంది. 9 ఇంకా తక్కువే, కానీ ఏమీ లేని చోటు నుంచి పెరిగిందంటే ఎక్కడో ఒక గ్రంథి బతికి పనిచేస్తోంది. అది చోటు మారని పై గ్రంథులదా, కండరంలో నాటిన ముక్కలదా అన్నది రక్త పరీక్షతో తేల్చలేము. ముంజేతిలో నాటి ఉంటే రెండు చేతుల రక్తాన్నీ పోల్చి చెప్పగలిగేవాళ్లం, మెడలో ఆ వీలు లేదు. ఎక్కడిదైనా ఆమెకు ఉపయోగమే.

మందులను మీకు మీరుగా తగ్గించవద్దు. పీటీహెచ్ ఇలాగే పెరుగుతూ ఉంటే ముందుగా కాల్సిట్రయాల్‌ను, తర్వాత కాల్షియాన్ని మీ డాక్టరుగారే మెల్లగా తగ్గిస్తారు. తగ్గించకుండా అలాగే కొనసాగిస్తే కాల్షియం మూత్రంలో ఎక్కువగా పోయి కిడ్నీలో రాళ్లు వచ్చే అవకాశం ఉంది, కాబట్టి 24 గంటల మూత్రంలో కాల్షియం పరీక్ష కూడా ఒకసారి చేయించండి. ఏడాది దాటినా పీటీహెచ్ పెరగకపోతే, దీర్ఘకాలం పనిచేసే పీటీహెచ్ ఇంజెక్షన్ ఒకదానికి యూరప్‌లో 2023లో, అమెరికాలో 2024లో అనుమతి వచ్చింది, అప్పుడు దాని గురించి మాట్లాడుకుందాం. మీ గ్రంథి మీ మెడలోనే ఉండనివ్వండి. వచ్చే నెల పరీక్షకు వెళ్లే రోజున పొద్దుటి కాల్షియం మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వమనండి, రక్తం ఇచ్చాక వేసుకోవడానికి మాత్రను సంచిలో పెట్టుకుని వెళ్లమనండి.